కాగితం పూల చెట్టు: తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో పెంచేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కాగితం పూలు, పేపర్ పూలు, బోగన్‌విల్లా అని ఏ పేరుతో పిలిచినా మొక్క ఒకటే. నీళ్ళు లేక చచ్చిపోయిన కాగితం పూల చెట్లకంటే నీళ్ళు ఎక్కువై చచ్చిపోయినవే మన ప్రాంతంలో ఎక్కువ. కింది జవాబులు చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇది తీగా, పొదా? గోడ మీదికి తనంతట తానే పాకుతుందా?

పాకదు. శంఖుపుష్పం లాగా ఆసరాను చుట్టుకోదు, బీర పాదులాగా నులితీగలూ వేయదు. పొడవాటి కొమ్మలను విసిరి, వంపు తిరిగిన ముళ్ళతో పక్క చెట్టును కొక్కెంలా పట్టుకుని పైకి పోతుంది. అడవిలో దాని పద్ధతి అది. గోడకు ఆ కొక్కెం పట్టదు కాబట్టి మనమే కట్టాలి. కట్టకుండా కత్తిరిస్తూ పోతే పొదగా నిలుస్తుంది, ఒకే కాండం ఉంచి కింది కొమ్మలు తీసేస్తే చిన్న చెట్టవుతుంది. వదిలేస్తే 20 అడుగులు దాటి పెరుగుతుంది.

పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1767లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో దగ్గర ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కామెర్సన్ దీన్ని చూసి, తమ నౌకాయాత్ర నాయకుడు బోగన్‌విల్ పేరు పెట్టాడు. మన పెరట్లో సాయంత్రం పూసే చంద్రకాంత, చేల గట్ల మీద పాకే అటికమామిడి దీని కుటుంబం మొక్కలే.

ఆ రంగు రేకులు పూలు కావంటారు, నిజమేనా?

నిజమే. ఒక రేకును తెంపి దగ్గరగా చూడండి. మధ్య ఈనెకు అతుక్కుని అంగుళం కూడా లేని సన్నటి గొట్టం ఉంటుంది, దాని మూతి తెల్లగా చిన్న నక్షత్రంలా విచ్చుకుంటుంది. పువ్వు అది. చుట్టూ ఉన్న మూడు రంగు రేకులు రూపం మారిన ఆకులు, వాటిని పుష్పపుచ్ఛాలంటారు. ఆకులు కాబట్టే వాడిపోకుండా వారాల తరబడి రంగు నిలుపుకుంటాయి, ఎండితే కాగితంలా గలగలమంటాయి.

తిరుపతి ఎండకు తట్టుకుంటుందా?

ఎండ గురించి దిగులే వద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో కూడా, నేలలో పాతుకున్న మూడేళ్ళ చెట్టు నిండుగా పూసి ఉంటుంది. హైవేల మధ్య డివైడర్లలో దీన్నే ఎక్కువగా పెట్టడానికి కారణం ఇదే: తక్కువ నీటితో బతుకుతుంది, గుబురుగా పెరిగి ఎదురు బండ్ల లైట్లు కంట్లో పడకుండా అడ్డుపడుతుంది.

ఇక్కడ దీనికి అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాకా. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎడతెగకుండా కురిస్తే, నీరు దిగని గుంతలో ఉన్న మొక్క వేర్లు కుళ్ళిపోతాయి. అందుకే ఈ పేజీలో నీళ్ళు పోయడం కంటే నిలిచిన నీళ్ళు బయటికి వెళ్ళేలా చేయడం గురించే ఎక్కువ చెప్పాం. పలమనేరు, కుప్పం వైపు చలి కాస్త ఎక్కువైనా మంచు గడ్డకట్టేంత ఉండదు కాబట్టి అక్కడా హాయిగా పెరుగుతుంది. చల్లటి రాత్రుల్లో రంగు ఇంకా చిక్కగా వస్తుంది.

ఏ రకం కొనాలి?

ఎక్కడ పెంచుతారో ముందు తేల్చుకోండి. కంచెకూ ప్రహరీకీ మామూలు ముదురు గులాబీ, ఊదా రంగు రకాలు చాలు. మొండివి, త్వరగా పెరుగుతాయి, కొమ్మ గుచ్చితే నాటుకుంటాయి. నారింజ, ఇటుక రంగు రకాలు నెమ్మదిగా పెరుగుతాయి. వాటి రేకులు నారింజగా విచ్చుకుని ముదిరేకొద్దీ గులాబీలోకి తిరుగుతాయి, అది జబ్బు కాదు.

మేరీ పామర్ రకంలో ఒకే చెట్టుకు తెల్లవి, గులాబీవి, రెండూ కలిసినవి పూస్తాయి. ఇది కలకత్తాలో ఒక చెట్టు కొమ్మ దానంతట అదే మారితే వచ్చిన రకం. ఆకు మీద పసుపు మచ్చలతో ఉండే తిమ్మ రకం ఈ మేరీ పామర్ నుంచే వచ్చింది. ఆకు కూడా అందంగా ఉంటుంది కాబట్టి పూత లేని నెలల్లోనూ బాగుంటుంది.

మహారా లాంటి ముద్ద రకాలు కొనేముందు ఒకటి తెలుసుకోండి. ఎండిపోయిన రేకులు వాటంతట అవి రాలవు, గోధుమ రంగు గుత్తులుగా కొమ్మకే వేలాడతాయి. కత్తెరతో తీసే ఓపిక ఉంటేనే పెట్టుకోవాలి. మిద్దె మీద చెత్త తక్కువ పడాలనుకునేవారికి మాత్రం అదే గుణం మేలు.

నర్సరీలో పూత మీదున్న మొక్కనే కొనండి. రంగు కళ్ళారా చూసినట్టూ ఉంటుంది, మొక్క పూసే వయసుకు వచ్చిందని తెలుస్తుంది కూడా.

ఎప్పుడు నాటాలి?

మృగశిర కార్తె వచ్చాక, అంటే జూన్ రెండో వారం నుంచి ఆగస్టు దాకా మంచి కాలం. అప్పుడు నాటితే పెద్ద వానలు మొదలయ్యేలోపు వేరు పట్టుకోవడానికి సమయం దొరుకుతుంది. అది తప్పిపోతే వానలు వెనకబట్టాక, డిసెంబరు చివర లేదా జనవరిలో నాటండి. స్వాతి, విశాఖ కార్తెల్లో, అంటే అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా, నాటవద్దు. ఏప్రిల్, మే నెలల్లో నాటితే మొక్కను నిలబెట్టడానికే రోజూ తంటాలు పడాలి.

గుంత ఎంత తీయాలి? మట్టిలో ఏం కలపాలి?

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. మన వైపు ఎర్ర నేలల్లో అడుగున్నర దిగగానే గరుసు తగలడం మామూలే. పలుగుతో ఆ గట్టి పొరను పగలగొట్టకుండా వదిలేస్తే గుంత కాస్తా నీటి తొట్టి అవుతుంది.

మట్టి నింపే ముందు ఒక పరీక్ష చేయండి. గుంత నిండా నీళ్ళు పోసి వదిలేయండి. నాలుగైదు గంటల్లో ఇంకిపోతే నిశ్చింతగా నాటుకోవచ్చు. మర్నాడు పొద్దున కూడా నీళ్ళు కనబడితే ఆ చోట గుంతలో నాటవద్దు. మట్టి పోసి అడుగున్నర ఎత్తు దిబ్బ చేసి దాని మీద నాటండి. నల్లరేగడి ఉన్నచోట పరీక్ష కూడా అక్కర్లేదు, నేరుగా దిబ్బే వేసుకోండి.

గుంతలోంచి తీసిన ఎర్రమట్టి రెండు తట్టలకు ఒక తట్ట ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. గుంతకు పావు కిలో వేప చెక్క, 100 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చాలు. మాగని పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. మన ఎర్ర నేలల్లో కొత్త మొక్కను చెదలు రెండు వారాల్లో మొదలంటా తినేయగలవు. కాండం మీద మట్టి గూళ్ళు కనబడితే వెంటనే గీకి పారేయండి, చుట్టుపక్కల ఎండు పుల్లలు, గడ్డి ఉంచవద్దు.

ప్రహరీకి ఆనించి కాకుండా రెండడుగులు ఎడంగా నాటండి. పదేళ్ళకు మాను తొడంత లావవుతుంది. గుబురు కంచె కావాలంటే మొక్కకూ మొక్కకూ మధ్య మూడు నాలుగు అడుగులు, గోడ కప్పడానికైతే ఏడెనిమిది అడుగులు.

జాగ్రత్తగానే నాటాం, వారంలో వాడిపోయింది. ఎందుకు?

నూటికి తొంభై సార్లు వేరు తెగడమే కారణం. దీని వేర్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి. మందారం, నందివర్ధనం మొక్కల్లా కవరు పీకి, మట్టి దులిపి నాటితే ఇది కోలుకోదు. నాటే ముందు రోజు కవరులో నీళ్ళు పోయండి, మట్టి ముద్దగా పట్టి ఉంటుంది. కాండం పట్టుకుని ఎత్తకండి, కవరు అడుగున చెయ్యి పెట్టి ఎత్తండి. కవరు అడుగు బ్లేడుతో కోసి తీసేసి, మొక్కను గుంతలో నిలబెట్టి, పక్కన నిలువుగా చీల్చి, చుట్టూ సగం మట్టి నింపాక మిగతా కవరు మెల్లగా పైకి లాగేయండి. మట్టి ముద్ద చెదరదు.

కవరులో మట్టి ఏ మట్టం దాకా ఉందో నేలలో కూడా అదే మట్టం. కాండాన్ని లోతుగా పూడ్చకండి. మొదట్లో గాలికి ఊగితే లోపల సన్న వేర్లు తెగుతూనే ఉంటాయి, కాబట్టి పక్కన గట్టి కర్ర పాతి వదులుగా కట్టండి.

కవరులోని మట్టి ముద్ద జిగురు బంకమట్టి అయితే ఇంకో చిక్కు ఉంది. చుట్టూ ఉన్న ఇసుక మట్టి తడిగా ఉన్నా నీళ్ళు ముద్ద లోపలికి దిగవు, మొక్క తడి మధ్యలో దాహంతో ఎండిపోతుంది. మొదటి నెల నీళ్ళు పాదు అంచున కాకుండా కాండానికి దగ్గరగా, నిదానంగా పోయండి.

నీళ్ళు ఎన్ని రోజులకోసారి?

నేలలో నాటిన మొక్కకు మొదటి నెల వారానికి రెండు సార్లు, ప్రతిసారీ ఒక బిందె. రెండో నెల నుంచి వారానికి ఒకసారి, రెండు బిందెలు. ఆరు నెలలు దాటాక వానాకాలంలో అసలు పోయవద్దు. ఎండాకాలంలో పది పదిహేను రోజులకోసారి మూడు బిందెలు నిండుగా పోసి వదిలేయండి. రోజూ చెంబుడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. అలా అలవాటైన చెట్టు మీరు పది రోజులు ఊరెళ్తే ఎండిపోతుంది.

కుండీలో వేలు రెండు కణుపులు దిగేదాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు పోయవద్దు. మే నెలలో మిద్దె మీది కుండీకి రోజూ అవసరం పడవచ్చు, డిసెంబరులో వారానికి ఒకసారి ఎక్కువే.

మిట్ట మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రానికి లేస్తే భయం లేదు. తెల్లవారాక కూడా వాలే ఉంటే మట్టిని చూడండి. పొడిగా ఉంటే వెంటనే నీళ్ళు పోయండి. తడిగా ఉండి వాలితే వేరు కుళ్ళుతోంది, చుక్క కూడా పోయకండి.

ఆకు దట్టంగా వస్తోంది, పూలు మాత్రం లేవు. ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. జవాబు మొక్క మీదే రాసి ఉంది. ఒక కొమ్మ పట్టుకుని ఆకు కాడ కొమ్మను కలిసే పంగలో చూడండి. అక్కడ ముల్లు కనబడుతుంది. పూసిన కొమ్మ పట్టుకుని అదే చోట చూడండి. ముల్లు ఉండాల్సిన చోట పూల గుత్తి కాడ ఉంటుంది. రెండూ ఒకే మొగ్గ నుంచి పుట్టేవే. పరిస్థితి అనుకూలిస్తే ఆ మొగ్గ గుత్తి అవుతుంది, లేకపోతే గట్టిపడి ముల్లవుతుంది. కొన్ని ముళ్ళ కొన దగ్గర పూయబోయి ఆగిపోయిన చిన్న గుర్తు కూడా కనబడుతుంది.

ఆ మొగ్గ ఎటు తిరుగుతుందో తేల్చేవి ఎండ, నత్రజని, నీళ్ళు. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. మామిడి చెట్టు నీడలోనో, రెండంతస్తుల గోడకు ఉత్తరం వైపునో ఉన్న మొక్కకు ఎంత చేసినా పూత అంతంత మాత్రమే. దానికి మందు లేదు, చోటు మార్చాలి.

ఎండ ఉండీ పూయకపోతే ఎరువుల సంగతి చూడండి. యూరియా, పచ్చి పేడ నీళ్ళు, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు, ఇవన్నీ నత్రజని. మన వైపు వేరుశనగ చెక్క తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి గులాబీకి పోస్తూ దీనికీ ఓ చెంబు పోస్తారు. ఆ చెంబే పూతను ఆపేస్తుంది. మూడు నెలలు పూర్తిగా మానేయండి. పక్కన పచ్చగడ్డి లాన్ ఉంటే దానికి పోసే నీళ్ళూ ఎరువూ వేర్లకు చేరుతుంటాయి, అదీ లెక్కే.

ఇక నీళ్ళు. కొత్త చిగుళ్ళు జానెడు పొడవు సాగి కాస్త ముదిరాక నీళ్ళు ఆపండి. మధ్యాహ్నం ఆకు వాలడం మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు మామూలులో సగం పోయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే చిగుళ్ళ కొసల దగ్గర పంగల్లో ఆవగింజంత రంగు మొగ్గలు కనిపిస్తాయి. కనిపించిన రోజు నుంచి మళ్ళీ మామూలుగా నీళ్ళు పోయండి. మొగ్గ వచ్చాక కూడా ఎండబెడితే మొగ్గలు రాలిపోతాయి. ఈ చివరి తప్పు చేసేవారు చాలామంది.

పగలు పొట్టిగా ఉండే నెలలు కూడా పూతకు కలిసొస్తాయి. మన దగ్గర వానలు ఆగి, నేల ఆరి, పొద్దు పొట్టిగా ఉండేది జనవరిలో. అందుకే సంక్రాంతి తర్వాత ఊరంతా ఒక్కసారిగా రంగెక్కుతుంది.

ఎరువు అసలు వేయకూడదా?

వేయాలి, కొద్దిగా. నేలలోని చెట్టుకు ఏడాదికి రెండు సార్లు, జూన్ కత్తిరింపు తర్వాత, మళ్ళీ డిసెంబరు చివర, ఐదు కిలోల మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 50 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. పాదు అంచున వేసి మట్టి కప్పి నీళ్ళు పోయాలి, కాండానికి తగలకూడదు. సున్నం ఎక్కువున్న నేలలో ఎముకల పొడి దాదాపు కరగదు, అక్కడ దాని మీద డబ్బు పెట్టకండి.

కుండీకి రెండు నెలలకోసారి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు. మొగ్గ కనిపించాక లీటరు నీటికి 5 గ్రాముల పొటాషియం సల్ఫేట్ కలిపి పది రోజుల తేడాతో రెండు సార్లు చల్లితే చాలు.

కత్తిరింపు ఎప్పుడు, ఎంత?

పూత కొత్త కొమ్మ మీదే వస్తుంది. కాబట్టి కత్తిరించకపోతే పూలు ఏటేటా పైపైకి, అందనంత ఎత్తుకు పోతాయి, కింద మోడు మిగులుతుంది.

పెద్ద కత్తిరింపు జూన్ నడిమిలో, వేసవి పూత అయిపోయాక. పక్క కొమ్మలన్నిటినీ మూలం దగ్గర రెండు మూడు కణుపులు ఉంచి కొట్టేయండి. మొత్తం గుబురులో మూడో వంతు నుంచి సగం దాకా తీసినా చెట్టుకు ఏమీ కాదు. ఎండు పుల్లలు, లోపలికి పెరిగినవి, మొదట్లోంచి నిటారుగా లేచే లావు నీటి కొమ్మలు ముందు తీయండి. నీటి కొమ్మలు పూయవు, బలమంతా లాగేస్తాయి.

చిన్న కత్తిరింపు అక్టోబరు మొదటి రెండు వారాల్లో. కొసలు జానెడు తీస్తే చాలు. వానలకు ముందే బరువు తగ్గుతుంది, గాలికి విరగదు. వానల్లో వచ్చే పక్క చిగుళ్ళే జనవరిలో పూస్తాయి. ఆ తర్వాత డిసెంబరులో కత్తెర ముట్టకండి. అప్పుడు కత్తిరిస్తే పూయబోయే కొసలనే కోసేసినట్టు.

ఒక విడత పూత నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది. రేకులు వెలిశాక పూసిన కొసను గుత్తి కింద రెండు కణుపుల దగ్గర తుంచండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ పూత రంగు తిరుగుతుంది. ఇంట్లో పెళ్ళో, గృహప్రవేశమో ఉంటే ఆ లెక్కన వెనక్కి లెక్కపెట్టుకుని తుంచుకోవచ్చు, వానాకాలానికి మాత్రం ఈ లెక్క నిలవదు.

గేటు మీద కమాను కట్టాలంటే?

ముప్పావు అంగుళం జీఐ పైపు సరిపోదు. మూడేళ్ళకు తడిసిన గుబురు బరువుకు వంగుతుంది. అంగుళంన్నర పైపు వాడి, కాళ్ళు రెండడుగులు కాంక్రీటులో దింపండి. గోడకైతే రాగి, ప్లాస్టిక్ తాళ్ళు వద్దు. అడుగున్నర ఎడంతో అడ్డంగా జీఐ తీగలు లాగి, గోడకూ తీగకూ మధ్య నాలుగు అంగుళాలు ఉండేలా కొక్కేలు బిగించండి. గాలి ఆడకపోతే సున్నం పూత పాడవుతుంది, పిండినల్లి చేరుతుంది.

కట్టడానికి కొబ్బరి పీచు తాడు గానీ పాత నూలు గుడ్డ పేలికలు గానీ ఎనిమిది అంకెలా మెలిపెట్టి వదులుగా కట్టండి. లేత కొమ్మ వంగుతుంది, ముదిరింది పుటుక్కున విరుగుతుంది. కొమ్మలను నిటారుగా కాకుండా అడ్డంగా వంచి కట్టండి. అడ్డంగా పడుకున్న కొమ్మకు ప్రతి కణుపు నుంచీ చిగురు లేస్తుంది, అన్ని చిగుళ్ళూ పూస్తాయి. నిటారు కొమ్మకు కొసనే పూలు.

మిద్దె మీద కుండీలో బాగా వస్తుందా?

నేలలో కంటే కుండీలోనే త్వరగా పూస్తుంది. వేర్లు ఇరుకైతే ఆకు తగ్గి పూత పెరుగుతుంది. అందుకని చిన్న మొక్కను ఒకేసారి పెద్ద తొట్టిలో పెట్టకండి. ఎనిమిది అంగుళాలతో మొదలుపెట్టి, రెండేళ్ళకు పన్నెండు, ఆ తర్వాత పద్నాలుగు అంగుళాలు. మట్టి కుండీ అన్నిటికంటే మేలు, గోడల నుంచి తడి ఆరుతుంది. అడుగున కనీసం మూడు రంధ్రాలు ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు. కొబ్బరి పొట్టు ఎక్కువ కలపవద్దు, వానాకాలంలో నీటిని పట్టి ఉంచుతుంది.

కుండీని నేరుగా మిద్దె మీద పెడితే రంధ్రంలోంచి వేరు దిగి పగుళ్ళలో దూరుతుంది. ఆ వేరు తెంపిన రోజు మొక్క ఆకంతా రాల్చేస్తుంది. మొదటి రోజే మూడు ఇటుకల మీద పెట్టండి. పన్నెండు అంగుళాల కుండీ తడిసి 25 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి వరసగా పెట్టేవి పిట్టగోడ వెంట, కింద గోడ ఉన్నచోట పెట్టండి. అయితే పిట్టగోడ పైన మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆకు పసుపైంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఏం లోపం?

లేత ఆకుల్లో ఇలా కనబడితే ఇనుము లోపం. వేరుశనగ పండించేవారు చేనులో చూసే లోపమే ఇది. నేలలో ఇనుము ఉన్నా, సున్నపు మట్టి వల్ల, ఉప్పదనం ఉన్న బోరు నీటి వల్ల వేరు దాన్ని తీసుకోలేదు. మందూ వేరుశనగకు చల్లేదే: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం పూట, వారం తేడాతో రెండు మూడు సార్లు చల్లండి. నిల్వ ఉంచిన ద్రావణం తుప్పు రంగు తిరిగితే పారబోయండి, పనిచేయదు. గచ్చు మీద, గోడ మీద పడితే మరక పోదు.

ఈనెలతో సహా ముదురు ఆకులు పసుపైతే అది వేరే సంగతి. చాలాసార్లు నీళ్ళు ఎక్కువవడమే కారణం.

కుండీ అంచున తెల్లటి పొర, ఆకు కొసలు మాడుతున్నాయి.

బోరు నీటి లవణాలు. పొరను గీకి పారేసి, రెండు మూడు నెలలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్ళు నిదానంగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వండి. వాన నీళ్ళు పట్టుకుంటే ఇంకా మంచిది.

ఉన్నట్టుండి ఆకులన్నీ రాలిపోయాయి. చచ్చిపోయిందా?

తొందరపడి పీకకండి. బాగా ఎండితే నీరు పొదుపు చేయడానికి ఆకు రాల్చడం దీని స్వభావం. చోటు మారినా, వేరు కదిలినా అంతే. గోటితో కొమ్మ బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా ఉంటే బతికే ఉంది, తడి చూసి కొద్దిగా నీళ్ళు పోస్తే మూడు వారాల్లో చిగురిస్తుంది. గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందికి గీకుతూ రండి, పచ్చ తగిలిన చోటికి పైన కోసేయండి. మొదలు దగ్గర బెరడు మెత్తగా ఊడి వాసన వస్తే మాత్రం వేరుకుళ్ళు, ఆశ వదులుకోవాల్సిందే. ఆ గుంతలో మళ్ళీ నాటే ముందు నీరు దిగే దారి చేయండి.

ఏ పురుగులు పడతాయి?

కొసలకు పేనుబంక, కణుపుల్లో తెల్లటి దూదిలా పిండినల్లి. చీమలు వరసగా ఎక్కుతుంటే ఈ రెంటిలో ఒకటి ఉన్నట్టే. ముందు గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, అర చెంచా సబ్బు నీళ్ళు కలిపి ఎండ తగ్గాక, ఆకు అడుగున తడిసేలా చల్లండి, వారానికి ఒకసారి చొప్పున మూడు వారాలు. ఆకు అంచులు గండ్లు పడి, పగలు పురుగు కనబడకపోతే గొంగళి రాత్రి తింటోంది. టార్చి వేసి ఏరేయడమే సులువు. వానల్లో గోధుమ మచ్చలు పడిన ఆకులకు మందు అక్కర్లేదు, ఏరి తీసేసి లోపల గాలి ఆడేలా నాలుగు కొమ్మలు తగ్గించండి.

కొమ్మతో మొక్క ఎలా చేయాలి?

జూన్ కత్తిరింపులో వచ్చిన కొమ్మల్లో పెన్సిలు లావువి తీసుకోండి. లేతవి కుళ్ళుతాయి, మరీ ముదురువి వేరు వేయవు. ఎనిమిది అంగుళాలు, మూడు నాలుగు కణుపులు. కింద కణుపుకు దిగువన ఏటవాలుగా, పైన తిన్నగా కోస్తే తలకిందులుగా గుచ్చే పొరపాటు జరగదు. ఆకులన్నీ తీసేసి, కింది కొసను వేరు హార్మోను పొడిలో అద్ది, రెండు పాళ్ళ ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు మిశ్రమం నింపిన నర్సరీ కవరులో సగం దాకా గుచ్చండి. నీడలో పెట్టి, పైన పారదర్శకమైన కవరు కప్పండి.

మూడో వారంలో చిగురు వస్తుంది. అది వేరుతో వచ్చింది కాదు, కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చింది. సంబరపడి లాగి చూసినా, ఎండలోకి మార్చినా అంతే సంగతులు. ఎనిమిది వారాలు ఆగండి, నర్సరీ కవరు అడుగున తెల్ల వేర్లు కనబడ్డాకే మార్చండి.

తిమ్మ, ముద్ద రకాలు కొమ్మతో సరిగా రావు. వాటికి గాలి అంటు కట్టుకోండి. వేలి లావు కొమ్మకు అంగుళం వెడల్పున బెరడు వలిచి, తడి నాచు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో గాలి చొరకుండా కట్టి రెండు నెలలు వదిలేయాలి.

రెండు రంగుల అంటు మొక్క కొన్నాం. ఇప్పుడు ఒకటే రంగు పూస్తోంది. మోసపోయామా?

చాలాసార్లు మోసం కాదు. అంటు కింద నుంచి వేరు మొక్క (అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్క) చిగురు లేచి, దాని బలం ముందు పై రంగులు చచ్చిపోయి ఉంటాయి. కాండం మీద అంటు బుడిపె ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, దాని కింద వచ్చే ప్రతి చిగురునూ మొలిచిన వారంలోనే మొదలంటా తుంచాలి. తిమ్మ రకంలో పూర్తి పచ్చ ఆకుల కొమ్మ వచ్చినా అంతే. పచ్చ ఆకు ఎక్కువ ఆహారం చేసుకుంటుంది, వదిలితే చెట్టంతా పచ్చగా మారిపోతుంది.

తుఫాను వానల ముందు ఏం చేయాలి?

అక్టోబరు చివర పాదులు తెంచి మట్టి కాండం వైపు ఎగదోయండి, నీరు బయటికి జారాలి. కుండీల కింది పళ్ళేలు తీసేయండి. వాయుగుండం మాట వినగానే మిద్దె నీటి గొట్టాల మూతులు చూడండి. రాలిన రేకులు తడిసి ఒకదానికొకటి అట్టలా అతుక్కుని జాలీని మూసేస్తాయి, రాత్రికి రాత్రి మిద్దె చెరువవుతుంది.

ముళ్ళు పిల్లలకు ప్రమాదమా? మొక్క విషమా?

తినకూడని విషమొక్క కింద లెక్కించరు. కొందరికి ముల్లు గుచ్చుకున్న చోట, పసరు తగిలిన చోట ఎర్రగా దద్దురు లేస్తుంది. కత్తిరించేటప్పుడు తోలు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. లోతుగా దిగితే సబ్బుతో కడిగి టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి. నడిచే దారికి మూడడుగులు ఎడంగా నాటండి. కొట్టిన కొమ్మలు వీధిలో పారేస్తే బండ్ల టైర్లు పంక్చరవుతాయి, మూటగట్టి చెత్త బండికి ఇవ్వండి.

పూజకు వాడవచ్చా?

వాసన లేదు, దండ కట్టడానికి కాడ లేదు. మన ఇళ్ళలో వాడే అలవాటు లేదు. ఇంటి ముందు ముళ్ళ చెట్టు వద్దనేవారు పెరటి ప్రహరీకి పెట్టుకోవచ్చు, చెట్టుకు కావలసింది ఎండ పడే దిక్కు మాత్రమే.

పదిహేనేళ్ళ చెట్టు, కింద మోడు, పైన కరెంటు తీగల దాకా పోయింది. తీసేయాలా?

తీయనక్కర్లేదు. ముందుగా తీగల దగ్గరి కొమ్మలు విద్యుత్ సిబ్బందికి చెప్పి సరఫరా ఆపించాకే కొట్టించండి. పచ్చి కొమ్మ కరెంటు లాగుతుంది, ఇనుప దోటితో మీరు ముట్టుకోకండి. తర్వాత మృగశిర కార్తెలో, మొత్తం ఒకేసారి కాకుండా, మూడు నాలుగు లావు కాండాల్లో సగం ఎంచుకుని నేల నుంచి రెండడుగుల ఎత్తున రంపంతో కోయండి. గొడ్డలితో కొడితే కాండం చీలి అక్కడ నీరు నిలుస్తుంది. కోత ఏటవాలుగా ఉండాలి. నెల తిరిగేసరికి మోడు చుట్టూ ఎర్రటి లేత చిగుళ్ళు గుంపుగా లేస్తాయి. వాటిలో బలమైనవి ఐదారు ఉంచి మిగతావి గిల్లేయండి. ఉంచినవి మూరెడు పెరిగాక కొస తుంచితే పక్క కొమ్మలు విడుతాయి. మిగిలిన పాత కాండాలను మరుసటి జూన్‌లో ఇలాగే కోయండి.